‘వన్వ’ అంటే వెళ్ళినదా, పోయినదా?

మాటల పుట్టుక: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఆంగ్ల రచయిత జె.ఆర్.ఆర్. టోల్కీన్ (1892–1973) తన కథల్లోని ఎల్ఫులనే అమర జాతి కోసం కల్పించిన భాషల్లో వీడ్కోలుకూ, ఎడబాటుకూ, పోగొట్టుకోవడానికీ ఉన్న మాటల గురించి ఈమధ్య వరుసగా కొన్ని ఉత్తరాలు వచ్చాయి. అన్నీ ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను. ఈ భాషలతో పరిచయం లేనివారి కోసం ముందుగా కొద్దిగా చెప్పాలి. టోల్కీన్ ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రాచీన ఆంగ్లం బోధించిన ఆచార్యుడు. ఆయన కల్పించిన భాషల్లో బాగా పెరిగి పెద్దవైనవి రెండు. ఫిన్నిష్ భాష మీద ఆయనకున్న మక్కువ ‘క్వెన్య’ నాదంలో వినిపిస్తుంది. కథాకాలానికి అది నిత్య వ్యవహారంనుంచి తప్పుకుని పాటలకూ క్రతువులకూ మిగిలిన భాష. వెల్ష్ భాష నాదాన్ని పుణికిపుచ్చుకున్న ‘సిందారిన్’ ఎల్ఫులు రోజూ మాట్లాడుకునే భాష. క్వెన్యలో హ్రస్వమైన ఎ, ఒ వేరు, దీర్ఘమైన ఏ, ఓ వేరు గనుక తెలుగు లిపి దానికి చక్కగా అమరుతుంది. కింది మాటలను రాసినవి రాసినట్టే చదువుకోవచ్చు.

ప్రశ్న: మా అమ్మాయి పై చదువుకు వెళ్తూ నాకిచ్చిన పుస్తకం మొదటి పేజీలో ‘నమారియె’ అని రాసింది. ఎల్ఫుల భాషలో అది వీడ్కోలట. అందులో ‘నమ’ వినిపిస్తోంది కాబట్టి మన ‘నమస్తే’కు అది చుట్టమవుతుందా? — ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: చుట్టం కాదండీ, పోలిక పైపైనదే. మన ‘నమస్సు’ వంగడం అనే అర్థమున్న ‘నమ్’ ధాతువునుంచి వచ్చింది. ‘నమారియె’ను విడదీస్తే ‘ఆ’, ‘న’, ‘మారియె’ అని మూడు ముక్కలవుతుంది. ‘ఆ’ అనేది ఆజ్ఞనో కోరికనో తెలిపే అవ్యయం, ‘న’ అంటే ఉండు, ‘మారియె’ అంటే మంచిగా, క్షేమంగా. మంచి అనే అర్థమున్న ‘మార’ అనే విశేషణానికి అది దగ్గరి బంధువు. ‘క్షేమంగా ఉండు’ అనే వాక్యమే వాడుకలో అరిగి, మొదటి అచ్చు జారిపోయి, ఒకే మాటగా గట్టిపడిందన్నమాట. ఎదురుపడినప్పుడు కూడా ఆ మాట అనవచ్చుననీ, విడిపోయేటప్పుడు మరింత ఎక్కువగా అంటారనీ టోల్కీన్ రాసుకున్న వివరణలు 2007లో అచ్చయ్యాయి.

ఇందులో మీరు గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. వీడ్కోలు మాట అయినా దానిలో వీడడం లేదు, వెళ్ళడం లేదు. మన ‘వీడ్కోలు’ అలాంటిది కాదు. విడిచిపోవడాన్ని తెలిపే ‘వీడు’ దాని మొదట్లోనే ఉంది. కానీ గడప దగ్గర నిలబడి మనం నిజంగా అనే మాటలు వేరు గదా. ‘వెళ్తాను’ అనబోయి నాలుక సర్దుకుని ‘వెళ్ళొస్తాను’ అంటాము, పెద్దవాళ్ళు ‘క్షేమంగా వెళ్ళి లాభంగా రా’ అని దీవిస్తారు. డబ్బాలో బియ్యం లేకపోతే ‘అయిపోయాయి’ అనకుండా ‘నిండుకున్నాయి’ అనీ, దీపం ఆరిపోతే ‘కొండెక్కింది’ అనీ అనే ఇంటిలో పెరిగినవారికి, విడిపోయే క్షణాన క్షేమాన్నే పలికే మాట ఎందుకు పుడుతుందో ఎవరూ విప్పి చెప్పనక్కర లేదు. మీ అమ్మాయి రాసింది పోయి వస్తానని కాదు, మిమ్మల్ని క్షేమంగా ఉండమని.

ప్రశ్న: ‘వన్వ’ అనే క్వెన్య మాటకు ఒక పట్టికలో ‘వెళ్ళిపోయిన’ అనీ, మరొకదానిలో ‘పోగొట్టుకున్న’ అనీ, ఇంకొకచోట ‘గతించిన’ అనీ అర్థాలు చూశాను. వీటిలో సరైనది ఏది? — ఒక విద్యార్థి, హైదరాబాదు

జవాబు: మూడూ సరైనవే. అయితే ఆ మూడూ ఒక్క మాటలోకి ఎలా చేరాయో తెలియకపోతే అది అర్థాల మూటలా కనిపిస్తుందే తప్ప మాటగా కనిపించదు. ఎల్ఫు భాషల పట్టికలు తయారు చేసేవారు చాలామంది ఈ దారిని చూపకుండా అర్థాన్ని మాత్రమే ఎదురుగా రాసి వదిలేస్తారు. నాకు అది పండు చూపించి చెట్టును దాచినట్టు ఉంటుంది.

దీని వెనుక ‘ఔత’ అనే క్రియ ఉంది. దూరంగా వెళ్ళడం దాని అర్థం. ఎక్కడినుంచి దూరం అంటే, మాట్లాడేవాడి మనసు ఏ చోట నిలిచి ఉందో అక్కడినుంచి. ఎల్ఫులు తమకు తాము పెట్టుకున్న పేర్లను గురించి టోల్కీన్ 1959–60 ప్రాంతంలో ఒక సుదీర్ఘ వ్యాసం రాశారు. ఆయన మరణించిన చాలా ఏళ్ళకు, 1994లో, అది వెలుగు చూసింది. అందులో ఈ క్రియకు ఆయన రెండు భూతకాల రూపాలు ఇచ్చారు. ఒకటి ‘ఒఅంతె’: ఒక మనిషి కాళ్ళతో నడిచో ఓడెక్కో ఇక్కడినుంచి మరొక చోటికి వెళ్ళాడు అని చెప్పడానికి. రెండోది ‘వానె’: కనుమరుగైంది, దక్కకుండా పోయింది అని చెప్పడానికి. వర్తమానంలో మాత్రం క్రియ ఒక్కటే, ‘ఔత’. ఈ క్రియ గురించి ఆలోచించినప్పుడల్లా నేను ఇక్కడే ఆగిపోతాను. ఒకరు వెళ్తున్న క్షణాన ఆ వెళ్ళడం ఏ రకమైనదో చూసేవారికి తెలియదు. వెళ్ళిన తర్వాతనే అది ఒఅంతెనో వానెనో తేలుతుంది. ఈ వ్యాఖ్య నాది, టోల్కీన్‌ది కాదు. కానీ వ్యాకరణం ఆ మాటే చెబుతోందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

‘వన్వ’ ఈ రెండో రూపం వైపు చేరిన విశేషణం. వెళ్ళిపోయిన, ఇక దొరకని, చనిపోయిన, గడిచిపోయిన అనే అర్థాలన్నీ దానికి అక్కడినుంచే వచ్చాయి.

తెలుగువారికి ఇది కొత్త కాకూడదు. ‘కళ్ళజోడు పోయింది’, ‘కరెంటు పోయింది’, ‘పెద్దాయన పోయారు’ అని మూడు రకాల లేమిని ఒకే క్రియతో చెబుతాము; ‘పోగొట్టుకున్నాను’ అన్నప్పుడూ ఉన్నది ఆ ‘పో’యే. కోస్తాలో ‘మామయ్య వెళ్ళారు’ అనడానికీ ‘మామయ్య పోయారు’ అనడానికీ మధ్య ఉన్న దూరం, క్వెన్యలో ఒఅంతెకూ వానెకూ మధ్య ఉన్న దూరమే. తెలంగాణలోనూ రాయలసీమలోనూ ఊరికి పోవడమంటే మామూలుగా వెళ్ళడమే కాబట్టి అక్కడ తేడాను సందర్భం చెబుతుంది. సంస్కృతంనుంచి మనకొచ్చిన ‘గత’ కూడా ఇటువంటిదే. వెళ్ళినది అనే అర్థంనుంచి గతం, గతించడం, దివంగతులు అనే మాటలు వచ్చాయి. క్వెన్యలోనూ వన్వనుంచి ‘వన్వియె’ అనే మాట ఉంది. గతకాలమని దాని అర్థం.

ఇక ఈ మాట బాగా వెలిగే చోటు చూద్దాము. ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ నవలలో గలద్రియెల్ అనే ఎల్ఫు రాణి తన అడవిని విడిచి వెళ్తున్న ప్రయాణికులను సాగనంపుతూ పాడే క్వెన్య పాటలో ‘సీ వన్వ నా, రోమెల్లొ వన్వ, వలిమర్’ అనే వాక్యం ఉంది. ‘సీ’ అంటే ఇప్పుడు, ‘నా’ అంటే ‘ఉంది’ అనే క్రియ. ‘రోమెన్’ అంటే తూర్పు, ‘రోమెల్లొ’ అంటే తూర్పునుంచి. చివరి ‘ల్లొ’ తెలుగు చెవికి ‘లో’ విభక్తిలా వినిపించినా దాని పని ‘నుంచి’ విభక్తిది. కాబట్టి వాక్యార్థం: వలిమర్ ఇప్పుడు పోయినదే, తూర్పున ఉన్నవారికి పోయినదే. ఇక్కడ తెలుసుకోవలసింది, పడమటి సముద్రానికి ఆవల ఉన్న ఆ వలిమర్ నగరం కూలిపోలేదని, కాలిపోలేదని. అది ఉన్నచోటే ఉంది. ఒకనాడు అక్కడినుంచి వచ్చిన గలద్రియెల్ ఈ ఒడ్డున నిలబడి ఉంది గనుక, ఆమెకు అది వన్వ. నశించినది అనే అర్థంతో ఈ మాటను అనువదిస్తే పాట మొత్తం తప్పుతుంది. ఉన్నా దక్కనిది, అంతే.

అదే పాటలో అంతకు ముందే ‘యేని వె లింతె యుల్దర్ అవానియెర్’ అని మరో వాక్యం వస్తుంది. ఏళ్ళు గబగబ తాగేసిన గుక్కల్లా గడిచిపోయాయి అని దాని భావం. అక్కడి ‘అవానియెర్’ కూడా ఔతనుంచి పుట్టినదే. వానెకు అన్న అనదగిన సంపూర్ణ భూతకాల బహువచనం. ‘యేని’ మనం అనుకునే సంవత్సరాలు కావు. ఒక్కొక్క ‘యేన్’ 144 సంవత్సరాలు. మొదటి ముద్రణలో ఈ మాట ‘వానియెర్’ అని ఉండేది. ఆ కాలరూపంలో ధాతువు అచ్చు ముందు కూడా రావాలనే తన వ్యాకరణ నియమానికి తగినట్టు, రెండో ముద్రణలో టోల్కీన్ దాని ముందు ఒక ‘అ’ చేర్చారు. పాఠకుల్లో దాదాపు ఎవరికీ తెలియని భాషలో ఒక్క అక్షరం కోసం అచ్చయిన పాటను దిద్దిన మనిషిని నేను ఎంతో గౌరవిస్తాను.

చివరగా, ఔత ఎప్పుడూ దుఃఖాన్నే మోస్తుందనుకోకండి. ఒక మహాయుద్ధం ఉదయాన ‘ఉతూలియెన్ ఔరె’, పగలు వచ్చింది, అని ఫింగోన్ రాజు కేక వేస్తే, సైన్యమంతా ‘ఔత ఇ లోమె’ అని బదులిస్తుంది. రాత్రి పోతోంది అని దాని అర్థం. చీకటి పోవడం కూడా పోవడమే గదా. ఆ యుద్ధం ఓటమితో ముగిసి, దానికి సిందారిన్‌లో ‘నిర్నైథ్ అర్నొయిదియద్’, లెక్కకందని కన్నీరు, అనే పేరు మిగిలింది. అయినా చివరి వరకూ నిలిచి పోరాడిన హూరిన్ అనే మానవ వీరుడు, శత్రువును కూల్చిన ప్రతిసారీ ‘ఔరె ఎంతులువ’ అని అరుస్తాడు, అలా డెబ్బై సార్లు. పగలు మళ్ళీ వస్తుంది అని ఆ కేకకు అర్థం. ‘ఎన్’ అంటే మళ్ళీ, ‘తుల్’ అంటే వచ్చు, ‘ఉవ’ భవిష్యత్తు. మన ‘వెళ్ళొస్తాను’లోని ‘వస్తాను’ అది.

ప్రశ్న: శబ్దవ్యుత్పత్తి అంటే జనం నోట తరతరాలుగా మారుతూ వచ్చిన మాట చరిత్ర. ఒక మనిషి బల్ల దగ్గర కూర్చుని అల్లిన మాటకు వ్యుత్పత్తి ఏమిటి? వన్వ ఇంగ్లీషు ‘వానిష్’నుంచి తీసినదని సూటిగా ఒప్పుకోవచ్చు గదా? — విశ్రాంత తెలుగు పండితుడు, గుంటూరు

జవాబు: అయ్యా, మీ అభ్యంతరం న్యాయమైనది. ఈ మాటలకు రెండు చరిత్రలు ఉన్నాయి, రెంటినీ కలపకుండా చెప్పడమే మర్యాద. ఒకటి కథలోపలి చరిత్ర: ఎల్ఫుల ఆదిభాషలో ఒక ధాతువు, దానినుంచి ధ్వని మార్పులతో క్వెన్యలో ఒక రూపం, సిందారిన్‌లో మరొక రూపం. రెండోది కాగితాల చరిత్ర: టోల్కీన్ ఏ సంవత్సరం ఏ రూపం రాసి, ఏది కొట్టివేశారన్నది.

కాగితాల చరిత్రలో వన్వ చాలా పాతది. మొదటి ప్రపంచ యుద్ధంలో సోమ్ యుద్ధభూమినుంచి జబ్బుపడి ఇంగ్లండుకు తిరిగివచ్చిన ఆ యువకుడు 1916–17 చలికాలంలో రాసిన తొలి కథల్లో ఒక కుటీరం ఉంది. దాని పేరు ‘మర్ వన్వ త్యలియేవ’. మర్ అంటే ఇల్లు, త్యలియె అంటే ఆట. పోయిన ఆటల ఇల్లు అన్నమాట. ఆ కథ శుద్ధప్రతి ఆయన భార్య ఈడిత్ చేతిరాతలో ఉంది, దాని మీద 1917 ఫిబ్రవరి 12వ తేదీ ఉంది. ఆయన తండ్రి 1896లో, తల్లి 1904లో పోయారు, ఆప్తమిత్రులిద్దరు 1916లోనే యుద్ధంలో చనిపోయారు. అంతమాత్రాన ఈ మాట ఆ దుఃఖంనుంచే పుట్టిందని నేను అనను. ఆ దుఃఖాల నడుమ అది ఆయన దగ్గర ఉన్నదని మాత్రం అంటాను.

తర్వాత దాదాపు ఇరవై ఏళ్ళకు, 1937–38 ప్రాంతంలో, ఆయన ఎల్ఫు భాషల ధాతువుల పట్టిక ఒకటి తయారు చేసుకున్నారు. అందులో వన్వకు తల్లి ‘వన్’ అనే ధాతువు: వెళ్ళిపోవు, మాయమగు. ఆ తర్వాత మరో ఇరవై ఏళ్ళకు, నేను పైన చెప్పిన వ్యాసంలో, అదే వన్వకు ‘అవ’ అనే మరింత ప్రాచీనమైన మూలాన్ని చూపించారు. దూరంగా అని దాని అర్థం. పాత పట్టికలో ఒంటరిగా నిలిచిన ధాతువు స్థానంలో, ఔత, ఒఅంతె, వానె, అవానియె అనే కుటుంబమంతా వచ్చింది. మాట మారలేదు, అర్థం మారలేదు, వేరు మారింది. నలభై ఏళ్ళుగా తన చెవికి నచ్చి నిలిచిన మాట ఎందుకు అలా ఉన్నదో, దాన్ని కల్పించినవాడే పరిశోధకుడిలా వెతుక్కున్నాడు. 1919–20లో ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు కార్యాలయంలో వాల్‌నట్, వాల్రస్ వంటి మాటల పుట్టుకను తవ్విన మనిషికి అది స్వభావంగా అబ్బిన పని. తన కథలు భాషలకు ఒక లోకాన్ని సమకూర్చడానికి పుట్టాయే గాని, భాషలు కథల కోసం పుట్టలేదని ఆయన స్వయంగా చెప్పుకున్నారు.

ఇక ఇంగ్లీషు ‘వానిష్’ లాటిన్‌లో శూన్యమనే అర్థమున్న ‘వానుస్’ కుటుంబానిది, పాత ఫ్రెంచి మీదుగా వచ్చింది. ధ్వని సామ్యం ఉన్నమాట నిజమే. కానీ సామ్యం చూసి పుట్టుకను తేల్చకూడదని మాకు నేర్పినవారు మీవంటి పండితులే. అలా తేలిస్తే రేపు ఎవరైనా వన్వను మన ‘వనవాసం’తో ముడిపెట్టగలరు.

ప్రశ్న: మేము ఇరవై ఏళ్ళ క్రితం ఇక్కడికి వచ్చాము. వెళ్ళినవారి గురించి అన్ని భాషల్లోనూ పాటలున్నాయి. ఉండిపోయినవారికి ఎల్ఫుల భాషలో ఏదైనా మాట ఉన్నదా? — ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ఉన్నది, బాధ కలిగించేంత నిక్కచ్చిగా ఉన్నది. ఎల్ఫుల పూర్వకథ ఒక మహాప్రయాణం. తూర్పున మేల్కొన్న ఆ జాతిని పడమటి సముద్రానికి ఆవలి దివ్యభూమికి రమ్మని పిలిచినప్పుడు కొందరు బయలుదేరారు, కొందరు అసలు కదలలేదు. కదలనివారిని ‘అవరి’ అన్నారు. వద్దనడమనే అర్థమున్న ధాతువునుంచి వచ్చిన పేరది, నిరాకరించినవారు అని అర్థం.

మీరడిగినది మరో గుంపు గురించి. దారిలో ఎల్వె అనే రాజు ఒక అడవిలోకి వెళ్ళి కనిపించకుండా పోయాడు. మెలియన్ అనే దేవకన్యను చూసి, ఆమె చేయి పట్టుకుని, ఏళ్ళ తరబడి అలాగే నిలిచిపోయాడని కథ. ఆయన తమ్ముడు ఓల్వె జనాన్ని తీసుకుని సముద్రం దాటాడు. రాజు దొరికితే తప్ప రామని ఆయన ఆప్తులూ అనుచరులూ వెనక ఉండిపోయారు. వారు తమను తాము సిందారిన్‌లో ‘ఎగ్లథ్’ అని పిలుచుకున్నారు: విడువబడినవారు. క్వెన్యలో వారినే ‘హెకెల్ది’ అన్నారు. రెండు పేర్లకూ ధాతువు ఒక్కటే, ‘హెక్’. పక్కకు, విడిగా అని దాని అర్థం. దానినుంచి ‘హెహ్త’ అనే క్రియ వచ్చింది: పక్కన పెట్టు, లెక్కలోంచి తీసివేయి, విడిచిపెట్టు. ‘హెకిల్’ అనే నామవాచకం కూడా వచ్చింది: అయినవారు వదిలేసిన మనిషి, దిక్కులేనివాడు.

ఔతకూ హెక్‌కూ ఉన్న తేడా చూడండి. ఔతలో వెళ్ళేవాడు కర్త, చూసేవాడు ఉన్నచోట ఉంటాడు. హెక్‌లో కదలనివాడి మీదే క్రియ పడుతుంది. ఏ తప్పూ చేయకుండా అతడు ‘విడువబడ్డవాడు’ అవుతాడు. పైగా ఈ కథలో ఉండిపోయినవారు ప్రేమ కొద్దీ ఉండిపోయారు. విశ్వాసంతో నిలిచిన మనుషులకు అనాథ అనే అర్థం వచ్చే పేరు మిగలడం నాకు ఈ పదజాలం మొత్తంలో అన్నిటికన్నా బరువుగా తోస్తుంది. వారి రాజు చివరికి దొరికాడు, వారి నేల గొప్ప రాజ్యమైంది. దాని పాత పేరు ‘ఎగ్లదోర్’లో మాత్రం ఆ మాట అలాగే ఉండిపోయినట్టు కనిపిస్తుంది.

దిక్కును బట్టి క్రియ మారడం మన పాత తెలుగులోనూ ఉంది. ‘చను’ అంటే వెళ్ళు, ‘చనుదెంచు’ అంటే వచ్చు. ‘ఏగు’ వెళ్ళడం, ‘ఏతెంచు’ రావడం. మాట్లాడేవాడు నిలిచిన చోటే దారికి మొదలో చివరో అవుతుంది.

ప్రశ్న: ఎల్ఫులకు చావు లేదంటారు. మరి చావుకు మాట ఎందుకు? — ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: వారు ముసలితనంతో చావరు, కానీ కత్తి దెబ్బకు చస్తారు, శోకంతోనూ ప్రాణం విడుస్తారు. వారి ఆత్మలు లోకం దాటి పోవు. మాందోస్ అనే చోట ఉండి, తిరిగి దేహం పొందగలవు. మీ ప్రశ్నకు అసలు జవాబు ‘ఫిర్’ అనే ధాతువులో ఉంది. మొదట్లో దాని అర్థం చావు కాదు, ఊపిరి బయటికి వదలడం, దీర్ఘంగా నిట్టూర్చడం. ఫెయనోర్ అనే ఎల్ఫు వీరుడి తల్లి మీరియెల్ బిడ్డను కన్న తర్వాత తన శక్తి అంతా ఆ బిడ్డలోకే పోయిందని చెప్పి, పడుకుని, ఒక నిట్టూర్పుతో ప్రాణం విడిచింది. చావే ఎరుగని దివ్యభూమిలో జరిగిన ఆ సంఘటనకు చూసినవారి దగ్గర మాట లేదు. వారు విన్నది నిట్టూర్పు, కాబట్టి నిట్టూర్పు పేరే పెట్టారు. తర్వాత మనుషులు చనిపోవడం చూసినప్పుడు అదే మాటను వారికి వాడి, మనుషుల జాతినే ‘ఫీరిమర్’, చనిపోయే స్వభావం గలవారు, అన్నారు. మనం ‘తుది శ్వాస విడిచారు’ అని రాసేటప్పుడు చేసేది కూడా ఇదే. తెలియని దానికి పేరు పెట్టకుండా, కంటికి కనిపించిన చివరి పనిని మాత్రం చెబుతాము. ‘చనిపోయారు’లో అయితే వెళ్ళడమే రెండు సార్లు ఉంది, చని అన్నా వెళ్ళి, పోయారు అన్నా వెళ్ళారు.

ప్రశ్న: సముద్రంలో మునిగిన ద్వీపానికి ఎల్ఫుల భాషలో ‘అతలంతె’ అని పేరుందట. గ్రీకు గాథల్లో మునిగిపోయిన అట్లాంటిస్ ద్వీపాన్ని అలాగే ఎత్తి రాసినట్టు కాదా? — ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: కథను ఎత్తుకున్నారు, మాటను కాదు. పెద్ద అల ఒకటి పచ్చని పొలాల మీదికి లేచి వచ్చే కల టోల్కీన్‌కు పదేపదే వచ్చేది. నూమెనోర్ ద్వీపం మునిగిన కథ ఆ కలకు ఇచ్చిన రూపమని ఆయన దాచుకోలేదు. మాట విషయంలో మాత్రం, జారడం, ఒరిగి కూలడం అనే అర్థమున్న ‘తలత్’ అనే ధాతువు క్వెన్యలో ఉన్నదనీ, దానికి మామూలుగా వచ్చే నామరూపం అట్లాంటిస్‌ను తలపించడం విచిత్రమైన యాదృచ్ఛికమనీ 1964లో ఒక ఉత్తరంలో రాశారు. నేను ఆయన మాటనే తీసుకుంటాను.

ప్రశ్న: నాన్నగారూ నేనూ ఈ పుస్తకాలను కలిసి చదివేవాళ్ళం. ఆయన పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం నాడు బంధువులకు పంచే చిన్న పుస్తకంలో ఆయన ఫోటో కింద ఒక ఎల్ఫు మాట వేయించాలని ఉంది. ‘వన్వ’ అని వేయవచ్చునా? — ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: అమ్మా, వ్యాకరణం ప్రకారం వేయవచ్చును, తప్పు లేదు. వన్వకు మరణించిన అనే అర్థం టోల్కీనే ఇచ్చారు. కానీ పై జవాబులు చదివితే మీకే తెలుస్తుంది, అది ఇక దక్కదు అని మీ వైపునుంచి చెప్పే మాట. ఆయన మరో చోటికి వెళ్ళారని చెప్పదలిస్తే దానికి వేరే రూపం ఉంది, ఒఅంతె వైపు చేరిన సంపూర్ణ భూతకాల రూపం ‘ఒఅంతియె’. ‘అతర్’ అంటే తండ్రి, ‘అతరిన్య’ అంటే మా నాన్న. ‘అతరిన్య ఒఅంతియె’ అంటే మా నాన్న వెళ్ళారు అని అర్థం. ఇందులో పోగొట్టుకోవడం లేదు. రెండు మాటలూ టోల్కీన్‌వే, పక్కపక్కన చేర్చింది మాత్రం నేను. ఎల్ఫుల లిపిలో అచ్చు వేయించాలనుకుంటే ముందుగా తెలిసినవారికి చూపించండి. ఆ లిపిలో అచ్చుల గుర్తులు మన గుణింతంలా హల్లు మీదనే కూర్చుంటాయి గనుక, ఒకటి పక్కకు జరిగితే మాటే మారుతుంది.

టోల్కీన్ దంపతుల సమాధి ఆక్స్‌ఫర్డ్‌లోని వుల్వర్‌కోట్ శ్మశానంలో ఉంది. ఈడిత్ 1971లోనూ, ఆయన 1973లోనూ పోయారు. నష్టానికి ఇన్ని మాటలు కల్పించిన మనిషి తమ రాతి మీద వాటిలో ఒక్కటీ చెక్కించలేదు. ఆమె పేరు కింద ‘లూథియెన్’ అని, ఆయన పేరు కింద ‘బెరెన్’ అని మాత్రమే ఉంది. అవి ఆయన కథలో ఒకరి కోసం ఒకరు మరణం దాకా వెళ్ళి తిరిగివచ్చిన ఇద్దరి పేర్లు. మీరూ నాన్నగారూ కలిసి చదివేటప్పుడు ఆయనకు బాగా నచ్చిన పాత్ర ఒకటి ఉండి ఉంటుంది. వీలైతే ఫోటో కింద ముందు ఆ పేరు వేయించి, ‘అతరిన్య ఒఅంతియె’ను దాని కింది వరుసలో పెట్టించండి.